కణం మింగినంత మాత్రాన లోపలికి చేరినట్టు కాదు

వైరస్ కణంలోకి చొరబడుతుంది. వ్యాక్సిన్ కణంలోకి ఎంఆర్‌ఎన్‌ఏని పంపిస్తుంది. రక్తనాళాల్లోని కణాల్లో ప్లాస్టిక్ దొరికింది. ఫలానా నానో మందు నేరుగా కణాల్లోకి వెళ్తుంది. ఐదారేళ్లుగా పేపర్లలో, టీవీల్లో, వాట్సాప్‌లో ఇలాంటివి చదువుతూనే ఉన్నాం. చదివితే అన్నీ ఒకేలా అనిపిస్తాయి. కానీ ఆక్సిజన్ కణంలోకి వెళ్లే తీరు వేరు, గ్లూకోజ్ వెళ్లే తీరు వేరు, కొలెస్ట్రాల్‌ని మోసుకొచ్చే రేణువుది ఇంకో తీరు, టీబీ బ్యాక్టీరియాది మరో తీరు.

ఈ తేడాలు తెలియక జరిగిన నష్టం చిన్నది కాదు. 2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఒక మలేరియా మాత్ర కోసం జనం మందుల షాపులకు పరుగులు తీశారు. విరేచనాలతో వాడిపోయిన పిల్లలకు తల్లిదండ్రులు ఓఆర్‌ఎస్ అనుకుని తియ్యటి పానీయాలు పట్టించారు. కణం బయటి పదార్థాన్ని ఎలా తీసుకుంటుందో తెలిస్తే ఈ రెండు పొరపాట్లూ ఎక్కడ పుట్టాయో తెలుస్తుంది. అందుకే మొదటి నుంచి చెప్పుకుందాం.

కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర

ప్రతి కణాన్నీ ఒక పలుచని పొర కప్పి ఉంచుతుంది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని కణత్వచం అంటారు. మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటివి రెండు లక్షల పొరలు పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. కొవ్వు అణువులు రెండు వరుసలుగా నిలబడితే ఏర్పడిన పొర ఇది. నీటితో కలిసే తలలు రెండు వైపులా బయటికి ఉంటాయి, నీటికి దూరంగా ఉండే తోకలు మధ్యలో ఉంటాయి. అంటే పొర నడిమధ్య అంతా నూనె లాంటి ప్రాంతమే.

ఎవరు దాటగలరు, ఎవరు దాటలేరు అన్నది ఈ నూనె ప్రాంతమే తేలుస్తుంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్, స్టెరాయిడ్ హార్మోన్లు ఎవరి సాయం లేకుండా దాటిపోతాయి. ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి వాటంతటవే సర్దుకుంటాయి. దీన్నే వ్యాపనం అంటారు. ఇందుకు కణం శక్తి ఖర్చు పెట్టనక్కర్లేదు. సోడియం, పొటాషియం లాంటి విద్యుదావేశం ఉన్న అయాన్లు మాత్రం ఎంత చిన్నవైనా ఆ నూనెలోకి దిగలేవు. గ్లూకోజ్, అమైనో ఆమ్లాలూ అంతే. ప్రొటీన్లు, డీఎన్‌ఏ లాంటి పెద్దవాటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

దాటలేనివాటి కోసం పొరలో అక్కడక్కడా ప్రొటీన్లు అమరి ఉంటాయి. కొన్ని సన్నని గొట్టాల్లా తెరుచుకుంటాయి. నీరు వేగంగా పోవడానికి అలాంటి గొట్టం ఉందని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకి 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. కొన్ని ప్రొటీన్లు ఒక అణువును ఒకవైపు పట్టుకుని, ఆకారం మార్చుకుని, రెండోవైపు వదిలేస్తాయి. మన కండరాల్లో గ్లూకోజ్‌ని లోపలికి చేర్చేవి ఇవే. భోజనం చేశాక ఇన్సులిన్ చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి, కండర కణాల్లో దాగి ఉన్న ఇలాంటి ప్రొటీన్లను పైపొర మీదికి తేవడం.

ఉప్పు, చక్కెర జంటగా దాటితేనే ఓఆర్‌ఎస్ పనిచేస్తుంది

తక్కువ ఉన్నచోటి నుంచి ఎక్కువ ఉన్నచోటికి నెట్టాలంటే మాత్రం ఊరికే కుదరదు, శక్తి కావాలి. కణాల్లో ఆ శక్తికి చెలామణి నాణెం ఏటీపీ. దాన్ని 1929లో కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. ఆ ఏటీపీలో పెద్ద వాటా ఒక పంపు నడపడానికే పోతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కో 1957లో బయటపెట్టిన ఈ పంపు, ఒక్కో ఏటీపీకి మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. దాంతో కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగా ఉంటుంది. బయట ఉన్న సోడియం సందు దొరికితే లోపలికి వచ్చేయాలని చూస్తుంటుంది.

చిన్నపేగు ఈ పరిస్థితినే వాడుకుంటుంది. పేగు కణాల మీద ఉండే ఒక ప్రొటీన్ రెండు సోడియం అయాన్లు, ఒక గ్లూకోజ్ అణువు కలిసి వస్తేనే వాటిని లోపలికి దించుతుంది. ఒకటి లేకపోతే రెండోది వెళ్లదు. వాటి వెంట నీరు కూడా లోపలికి నడుస్తుంది. సోడియం, గ్లూకోజ్ జంటగా వెళ్తాయన్న ఊహను రాబర్ట్ క్రేన్ 1960లో ప్రేగ్‌లో జరిగిన సమావేశంలో చెప్పారు.

కలరా వచ్చినవారి పేగు నుంచి నీరు ధారగా పోతున్నా, ఈ జంట దారి మాత్రం చెడిపోదు. ఓఆర్‌ఎస్ అంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి.

ఇప్పుడు లెక్క చూడండి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 75 మిల్లీమోల్‌ల సోడియం, 75 మిల్లీమోల్‌ల గ్లూకోజ్ ఉంటాయి, అంటే సంఖ్యలో రెండూ సమానం. ఆ గ్లూకోజ్ బరువు 13.5 గ్రాములు. మామూలు కూల్‌డ్రింక్‌లో లీటరుకు 100 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, సోడియం ఏదో పేరుకు ఉంటుంది. చక్కెర ఎక్కువైతే పేగులో ఉన్న ద్రవమే చిక్కబడి, ద్రవాభిసరణ వల్ల ఒంట్లో నీటిని పేగులోకి లాగుతుంది. విరేచనం ఇంకా పెరుగుతుంది. తియ్యటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్మడాన్ని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లపాటు పట్టు వదలకుండా ప్రశ్నించారు. 2025 అక్టోబరులో దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని ఆదేశించింది. ఆమె చేసింది ఎంత పెద్ద పనో పేగు కణం ఎలా పనిచేస్తుందో తెలిసినవారికి బాగా అర్థమవుతుంది.

పొర దాటకుండానే మింగడం

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ చిన్న అణువులు. ఒక ప్రొటీన్‌ని, ఒక కొవ్వు రేణువుని, ఒక బ్యాక్టీరియాని గొట్టాల్లోంచి తీసుకోవడం కుదరదు. వాటి కోసం కణం తన పొరనే వాడుతుంది. పొర లోపలికి గుంటలా కుంగుతుంది, లేదా వేళ్లు చాచినట్టు ముందుకు పెరిగి చుట్టుకుంటుంది. చివరికి మూతి మూసుకుని, తిత్తిలా ఊడి లోపల పడుతుంది. దీన్ని ఎండోసైటోసిస్ అంటారు. ఈ పేరును 1963లో బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ పెట్టారు.

బొబ్బట్టు చేసేటప్పుడు పిండిని గిన్నెలా వత్తి, పూర్ణం ఉండ పెట్టి, అంచులు దగ్గరికి తెచ్చి, పైన మిగిలిన పిండిని తుంచేస్తాం కదా. పూర్ణం లోపలికి వెళ్లింది గానీ పిండిని చీల్చుకుని వెళ్లలేదు. కణంలోనూ అంతే. తిత్తి లోపలి ముఖం ఒకప్పుడు కణం బయటి ముఖమే. అందులో ఉన్న సరుకు కణం నడిబొడ్డున తిరుగుతున్నా ఇంకా పొరకు అవతలే ఉంది. కణంలోని అసలు ద్రవాన్ని, అంటే ప్రొటీన్లు తయారయ్యే సైటోప్లాజాన్ని, అది ఇంకా తాకలేదు.

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంచుకోవాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. మింగడం వేరు, పొర దాటడం వేరు. టీబీ, కరోనా, ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్, ప్లాస్టిక్ రేణువులు, ఏ కథలోనైనా చిక్కుముడి ఈ రెంటి మధ్యే ఉంటుంది.

మింగే తీరుల్లో మూడు రకాలు ముఖ్యం. సుమారు అర మైక్రోమీటరు దాటిన పెద్దవాటిని, అంటే బ్యాక్టీరియాని, చచ్చిన కణాలని పట్టి మింగడం ఫాగోసైటోసిస్. 1882లో సిసిలీలోని మెస్సీనాలో ఎల్యా మెచ్నికోవ్ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప లార్వాలోకి గులాబీ ముల్లు గుచ్చి, మర్నాడు ఉదయం చూస్తే దాని చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. రోగనిరోధక శాస్త్రంలో సగం ఆ ముల్లు దగ్గరే మొదలైంది. 1908లో ఆయనకు నోబెల్ వచ్చింది. రెండోది చుట్టూ ఉన్న ద్రవాన్ని గుటకలుగా తాగడం, పినోసైటోసిస్. మూడోది కావలసిన సరుకుని మాత్రమే ఏరి పట్టుకుని మింగడం. పట్టుకునే ప్రొటీన్లను రిసెప్టర్లు అంటారు.

ఎంత మింగుతాయో వింటే ఆశ్చర్యం వేస్తుంది. మాక్రోఫేజ్ అనే రక్షక కణం గంటలో తన సొంత పరిమాణంలో నాలుగో వంతు ద్రవాన్ని తాగుతుంది. అందుకోసం నిమిషానికి తన పైపొరలో 3 శాతం లోపలికి పోతుంది, అంటే అరగంటలో పొర మొత్తం ఒకసారి లోపలికి వెళ్లి వచ్చినట్టే. మన ఒంట్లో ఇవి రోజూ 10,000 కోట్లకు పైగా ముసలి ఎర్ర రక్తకణాలను మింగేస్తాయి.

డెంగీ దోమ గుడ్డులో కనిపించిన గుంటలు

ఏరి మింగడం ఎలా జరుగుతుందో మొదట స్పష్టంగా కనిపించింది ఒక దోమలో. డెంగీ దోమ, ఏడిస్ ఈజిప్టై, రక్తం తాగాక దాని గుడ్లు పచ్చసొన ప్రొటీన్‌ని వేగంగా నింపుకుంటాయి. 1964లో థామస్ రాత్, కీత్ పోర్టర్ ఆ గుడ్డు కణాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశారు. పైపొర మీద లెక్కలేనన్ని చిన్న గుంటలు. ఒక్కో గుంటకి లోపలి వైపు గరుకైన అంచు, దువ్వెన పళ్లలా నిలబడిన పూత. రక్తం తాగిన ఏడు గంటలకు ఆ గుంటలు సుమారు 15 రెట్లు పెరిగాయి.

ఆ పూత ఏమిటో తేలడానికి ఇంకో పదేళ్లు పైనే పట్టింది. కేంబ్రిడ్జ్‌లో బార్బరా పియర్స్ పంది మెదడు నుంచి అలాంటి తిత్తులను విడదీసి, పూతలోని ప్రధాన ప్రొటీన్‌ని 1975లో వేరుచేశారు. దానికి క్లాత్రిన్ అని పేరు పెట్టారు. మూడు కాళ్ల ఆకారంలో ఉండే ఈ ప్రొటీన్ అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని జాలీ గోళంలా తయారవుతాయి. గుంట లోతైనాక మెడ దగ్గర డైనమిన్ అనే మరో ప్రొటీన్ మెలికలా చుట్టుకుని తెంచుతుంది. డైనమిన్ దెబ్బతిన్న ఒక రకం పండ్ల ఈగను వేడి చోట పెడితే నిమిషాల్లో కదలిక ఆగి పడిపోతుంది. చల్లబరిస్తే లేచి ఎగురుతుంది. నాడుల చివర్లలో తిత్తులు తెగకపోవడమే కారణం.

ఇక్కడ శాస్త్రవేత్తల్లో చాలాకాలంగా ఒక వాదం నడుస్తోంది. క్లాత్రిన్ ముందు చదునుగా పరుచుకుని తర్వాత వంగుతుందని కొందరంటారు. మొదటి నుంచే వంపుతో పెరుగుతుందని మరికొందరు. చదునుగా ఉన్న షట్కోణాల జాలీ వంగాలంటే మధ్యలో పంచకోణాలు కావాలి, అందుకు జాలీ విప్పి మళ్లీ అల్లాలి కదా అన్నది రెండోవారి అభ్యంతరం. జాలీలో అణువులు అనుకున్నదానికంటే వేగంగా మారిపోతుంటాయి కాబట్టి అది సాధ్యమే అని మొదటివారు జవాబిస్తారు. కణం రకాన్ని బట్టి, పొర బిగువుని బట్టి రెండూ జరుగుతాయని చెప్పేవారూ ఉన్నారు. నాకు మూడో మాటే ఎక్కువ సబబుగా అనిపిస్తుంది.

పట్టుకున్నా మింగలేని రిసెప్టర్

కొలెస్ట్రాల్ నీటిలో కరగదు. అందుకే రక్తంలో ఎల్‌డీఎల్ అనే రేణువుల్లో ప్రయాణిస్తుంది. ఒక్కో రేణువు సుమారు 22 నానోమీటర్లు, అందులో 1,500 దాకా కొలెస్ట్రాల్ ఎస్టర్ అణువులు. కొన్ని కుటుంబాల్లో పిల్లలకే గుండెపోటు ఎందుకొస్తుందో తెలుసుకోవాలని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970ల మొదట్లో పని మొదలుపెట్టారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిపోయిన జన్యువు వచ్చిన పిల్లల్లో ఎల్‌డీఎల్ మామూలుకంటే ఎన్నో రెట్లు ఉంటుంది.

చాలామంది పిల్లల కణాల్లో ఎల్‌డీఎల్‌ని పట్టుకునే రిసెప్టరే లేదని తేలింది. కానీ జె.డి. అన్న పొడి అక్షరాలతో శాస్త్రలోకానికి తెలిసిన ఒక రోగి కణాలు వాళ్లను తికమక పెట్టాయి. ఆ కణాలు ఎల్‌డీఎల్‌ని చక్కగా పట్టుకున్నాయి. పట్టుకుని అలాగే ఉండిపోయాయి, మింగలేదు. దోమ గుడ్డులో కనిపించినలాంటి పూత గుంటల్లో ఆ రిసెప్టర్లు గుమిగూడడం లేదు, పైపొరంతా చెల్లాచెదురుగా తిరుగుతున్నాయి. తర్వాత జన్యువు చదివితే రిసెప్టర్‌లోని 839 అమైనో ఆమ్లాల్లో 807వది ఒక్కటి మారిందని బయటపడింది. టైరోసిన్ ఉండాల్సిన చోట సిస్టీన్ ఉంది. ఆ టైరోసిన్ కణం లోపలివైపు వేలాడే తోకలో ఉంటుంది. గుంటల దగ్గరికి తీసుకెళ్లే ప్రొటీన్లకు అదే గుర్తు. గుర్తు పోయింది, రిసెప్టర్ దారి తప్పింది, ఒక బిడ్డ రక్తనాళాలు మూసుకుపోయాయి. పట్టుకోవడం, మింగడం రెండు వేర్వేరు పనులని ఇంత స్పష్టంగా చెప్పిన ఆధారం మరొకటి లేదు. 1985లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మామూలు కణంలో కథ ఇలా నడుస్తుంది. రిసెప్టర్, ఎల్‌డీఎల్ కలిసి తిత్తిలో పడతాయి. తిత్తి ఎండోజోమ్ అనే గదిలో కలుస్తుంది. అక్కడ పంపులు ప్రోటాన్లను నింపి ఆమ్లత పెంచుతాయి, పీహెచ్ (ఆమ్లత కొలమానం, ఎంత తక్కువైతే అంత ఆమ్లం) 6 దగ్గరికి దిగుతుంది. ఆ ఆమ్లంలో రిసెప్టర్ పట్టు సడలి ఎల్‌డీఎల్ విడిపోతుంది. రిసెప్టర్ మళ్లీ పైకి వెళ్తుంది. రానూపోనూ పది నిమిషాలు. తన ఇరవై గంటల ఆయుష్షులో వందకు పైగా సార్లు తిరుగుతుంది. ఎల్‌డీఎల్ మాత్రం లైసోజోమ్‌కి పోతుంది. డి డూవ్ 1955లో కనిపెట్టిన ఈ లైసోజోమ్‌లో పీహెచ్ 5 లోపు ఉంటుంది, అరిగించే ఎంజైములు నిండుగా ఉంటాయి.

ఇప్పుడు వాడే మందులు ఈ చక్రాన్నే పట్టుకుంటాయి. స్టాటిన్ మాత్ర కాలేయ కణంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. కణానికి కొరత తెలిసి ఎక్కువ రిసెప్టర్లు పెట్టుకుని రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాక్కుంటుంది. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ రిసెప్టర్‌కి అతుక్కుంటే, ఆ రిసెప్టర్ పైకి తిరిగి వెళ్లకుండా లైసోజోమ్‌కి పోయి నాశనమవుతుంది. ఈ ప్రొటీన్‌ని అడ్డుకునే ఇంజెక్షన్లు వేస్తే రిసెప్టర్లు బతికి బయటపడతాయి, ఎల్‌డీఎల్ దిగుతుంది.

మింగినవాడి కడుపులోనే కాపురం పెట్టే టీబీ

మాక్రోఫేజ్ ఒక బ్యాక్టీరియాని మింగితే ఆ తిత్తి లైసోజోమ్‌తో కలవాలి, బ్యాక్టీరియా అరిగిపోవాలి. టీబీ బ్యాక్టీరియా ఆ కలయికనే ఆపేస్తుందని లండన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ 1971లో చూపించారు. తిత్తిలో ఆమ్లం పెద్దగా పెరగదు. తనను చంపాల్సిన కణంలోనే అది పెరుగుతుంది.

బ్యాక్టీరియా ఆ తిత్తిలోనే ఉండిపోతుందా, పొరను చింపుకుని సైటోప్లాజంలోకి వస్తుందా అన్నది చాలా ఏళ్లు తెగని ప్రశ్న. 2007 తర్వాత వచ్చిన ఆధారాలు, కొన్ని రోజులు గడిచాక కొన్ని బ్యాక్టీరియాలు చింపుకుని వస్తాయని చెబుతున్నాయి. రెండు చోట్లా ఉంటాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. ఇది మందుల మీద కూడా ప్రభావం చూపే విషయం. రిఫాంపిసిన్ కొవ్వు పొరలను సులువుగా దాటి బ్యాక్టీరియా దాగిన చోటికి పోతుంది. ఆవేశం ఉన్న స్ట్రెప్టోమైసిన్ మాక్రోఫేజ్ లోపలికి సరిగా చేరలేదు.

2020లో ఆ మాత్ర ఎందుకు ఆశ పెట్టింది, ఎందుకు పనిచేయలేదు

కరోనా మొదలైన కొత్తలో క్లోరోక్విన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ ప్రయోగశాలలో వైరస్‌ని ఆపుతున్నాయని వార్తలొచ్చాయి. అవి అబద్ధాలు కావు. 2020 మార్చిలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వైద్య సిబ్బందికి, రోగుల ఇంట్లోవాళ్లకు ముందు జాగ్రత్తగా ఈ మాత్రను సూచించింది. ఆ వెంటనే జనం ఎగబడ్డారు. లూపస్, కీళ్లవాతం కోసం ఏళ్లుగా ఆ మాత్ర మీదే బతుకుతున్నవాళ్లకు దొరకని పరిస్థితి వచ్చింది.

ప్రయోగశాలలో ఎలా పనిచేసిందో ముందు చూద్దాం. ఈ మందు ఒక బలహీన క్షారం. ఆవేశం లేని రూపంలో కణత్వచాన్ని వ్యాపనంతో దాటుతుంది. ఆమ్లంగా ఉన్న ఎండోజోమ్‌లోకి వెళ్లగానే ప్రోటాన్ పట్టుకుని ఆవేశం తెచ్చుకుంటుంది, ఇక బయటికి రాలేదు. అలా అక్కడే పోగుపడి ఆమ్లతను తగ్గించేస్తుంది. కరోనా వైరస్‌ని కణం మింగినప్పుడు, వైరస్ ఎండోజోమ్ నుంచి తప్పించుకోవాలంటే దాని స్పైక్ ప్రొటీన్‌ని కోసే ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్‌కి ఆమ్లం కావాలి. ఆమ్లం లేకపోతే వైరస్ తిత్తిలోనే చిక్కుకుపోతుంది. తర్కంలో లోపం లేదు.

లోపం ప్రయోగానికి ఎంచుకున్న కణాల్లో ఉంది. అవి వెరో కణాలు, ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి తీసినవి. మన ఊపిరితిత్తుల కణాల పైపొర మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్‌2 అనే ఎంజైమ్ ఉంటుంది. అది స్పైక్‌ని బయటే కోసేస్తుంది. దాంతో వైరస్ పొర దగ్గరే కలిసిపోయి, ఎండోజోమ్ ముఖం చూడకుండా నేరుగా సైటోప్లాజంలోకి దిగుతుంది. వెరో కణాల్లో ఆ ఎంజైమ్ దాదాపు ఉండదు కాబట్టి వైరస్‌కి మింగించుకోవడం తప్ప దారి లేదు. 2020 జులైలో జర్మనీ బృందం క్లోరోక్విన్‌ని మనిషి ఊపిరితిత్తుల కణాల మీద పరీక్షించింది. వైరస్ ఆగలేదు.

అప్పటికే జూన్‌లో బ్రిటన్‌లో రికవరీ అనే పేరుతో జరిగిన ట్రయల్, ఆసుపత్రి రోగుల్లో ఈ మందుతో మరణాలు తగ్గలేదని ప్రకటించింది. మందును సమర్థించినవారు రెండు అభ్యంతరాలు చెప్పారు. డోసు మరీ ఎక్కువ ఇచ్చారు, జబ్బు ముదిరాక ఇచ్చారు అని. రెండో అభ్యంతరంలో న్యాయం ఉంది, వైరస్ మందులు తొలి రోజుల్లో ఇస్తేనే ఎక్కువ ఫలితం. కానీ అమెరికా, కెనడాల్లో వైరస్ సోకే అవకాశం ఉన్న 821 మందికి నాలుగు రోజుల్లోపే ఇచ్చి చూసిన ట్రయల్‌లో, జబ్బు పడినవాళ్లు మందు తీసుకున్నవారిలో 11.8 శాతం, తీసుకోనివారిలో 14.3 శాతం. యాదృచ్ఛికంగా వచ్చే తేడా కంటే అది ఎక్కువ కాదు. తర్వాత వచ్చిన ఒమిక్రాన్ మళ్లీ ఎండోజోమ్ దారికే మొగ్గిందని ప్రయోగాల్లో తేలింది. ఒకే వైరస్ రెండు దారులూ వాడగలదు, ఏది వాడుతుందన్నది కణాన్ని బట్టీ రకాన్ని బట్టీ మారుతుంది.

వ్యాక్సిన్ రేణువు ఎండోజోమ్ నుంచి తప్పించుకోవాలి

ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్‌లో సమస్య సరిగ్గా తలకిందులు. ఇక్కడ మనమే ఎండోజోమ్‌లోంచి బయటపడాలి. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే ఏ ప్రొటీన్ తయారు చేయాలో కణానికి చెప్పే అణువు. దాన్ని 100 నానోమీటర్ల లోపు కొవ్వు రేణువులో చుట్టి ఇస్తారు. కణం దాన్ని మింగుతుంది. ఆ రేణువులోని ఒక రకం కొవ్వుకి రక్తంలో ఆవేశం ఉండదు, ఎండోజోమ్ ఆమ్లంలో ధనావేశం వస్తుంది. అప్పుడు అది ఎండోజోమ్ పొరలోని రుణావేశ కొవ్వులతో కలిసి పొరను చెదరగొడుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ సైటోప్లాజంలోకి జారుతుంది. కేంద్రకంలోకి పోవాల్సిన పని లేదు, ప్రొటీన్ తయారీ సైటోప్లాజంలోనే జరుగుతుంది.

ఇలాంటి రేణువుల్లో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు పెట్టి 2013లో కొలిస్తే, మింగినవాటిలో 1 నుంచి 2 శాతమే తప్పించుకున్నాయి. మిగతాదంతా లైసోజోమ్ పాలు, లేదా మళ్లీ బయటికి. కొత్త కొవ్వులతో ఈ శాతం పెరిగిందని కొందరు, కొలిచే పద్ధతే నమ్మకంగా లేదని మరికొందరు అంటారు. ఏది నిజమైనా, మందు కణాల్లో "చేరింది" అని, దానికి మెరిసే రంగు అంటించి తీసిన ఫొటో చూపిస్తే అది పనిచేసిందని అర్థం కాదు. మెరుపు తిత్తిలోదా, సైటోప్లాజంలోదా అన్నదే అసలు ప్రశ్న.

ప్లాస్టిక్ రేణువులు: చూసింది ఎంత, తేలింది ఎంత

2024 మార్చిలో ఇటలీ వైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వుని ఆపరేషన్‌తో తీసేసిన 257 మందిలో 150 మంది నమూనాల్లో పాలిథిలిన్ దొరికింది. ప్లాస్టిక్ దొరికినవారిలో గుండెపోటు, పక్షవాతం, మరణం కలిపి చూస్తే ముప్పు సుమారు నాలుగున్నర రెట్లు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మాక్రోఫేజ్‌ల మధ్య గరుకు అంచుల ముక్కలు కనిపించాయి. ప్లాస్టిక్కే కారణమని మాత్రం వాళ్లు అనలేదు. ఆపరేషన్ థియేటర్లో, ల్యాబ్‌లో ఎటు చూసినా ప్లాస్టిక్కే కాబట్టి నమూనా కలుషితమై ఉండొచ్చని విమర్శకులు అన్నారు. ఎక్కువ ప్లాస్టిక్ వాడే జీవనశైలిలో వేరే ప్రమాదాలు కూడా కలిసి ఉండొచ్చన్నది మరో విమర్శ. రెండూ పట్టించుకోవాల్సినవే. అయినా ఆ ఫలితాన్ని పక్కన పెట్టేయలేం.

ఇప్పటిదాకా చెప్పుకున్నదాన్ని బట్టి కొంత విడదీసి చూడొచ్చు. 10 మైక్రోమీటర్ల ముక్కని మామూలు కణం మింగలేదు, మాక్రోఫేజ్‌కి కూడా కష్టం. ఒకటి రెండు మైక్రోమీటర్లది మాక్రోఫేజ్‌కి సులువు. 100 నానోమీటర్లదైతే దాదాపు ఏ కణమైనా క్లాత్రిన్ గుంటలోనో మరో దారిలోనో మింగగలదు. మింగాక అది లైసోజోమ్‌కి చేరుతుంది. అక్కడి ఎంజైముల్లో పాలిథిలిన్‌ని కోసేది లేదు. అంటే అరగదు.

అరగని రేణువు లైసోజోమ్‌లో ఏం చేయగలదో మనకు ఒక ఉదాహరణ ముందే ఉంది. రాళ్ల క్వారీల్లో, క్రషర్లలో పనిచేసేవారి ఊపిరితిత్తుల్లో సిలికా ధూళిని మాక్రోఫేజ్‌లు మింగుతాయి. సిలికా స్ఫటికాలు లైసోజోమ్ పొరను దెబ్బతీస్తాయి, లోపలి ఎంజైములు సైటోప్లాజంలోకి కారతాయి, కణం వాపు సంకేతాలు పంపి చచ్చిపోతుంది. వదిలేసిన సిలికాని ఇంకో మాక్రోఫేజ్ మింగుతుంది. సిలికోసిస్ అలా ముదురుతుంది. ప్లాస్టిక్ కూడా ఇలాగే చేస్తుందని చెప్పడానికి దాని ఉనికి ఒక్కటే చాలదు, లైసోజోమ్ పొర చిరిగిందో లేదో చూడాలి. ప్రయోగశాల కణాల మీద చేసిన పరీక్షల్లో చాలా వాటికి నున్నటి పాలిస్టైరీన్ గుండ్రాలు వాడారు. ఇటలీ రోగుల్లో కనిపించినవి అరిగి విరిగిన గరుకు ముక్కలు.